లేదనడానికి అరనిమిషం

అప్పు పుట్టడం ఇక లోకంలో అన్నిటికన్నా సులువైన పని కాబోతోందని రిజర్వు బ్యాంకు మాటిచ్చింది. 2023 ఆగస్టు 17న ప్రయోగంగా మొదలుపెట్టి, మరుసటి ఏడాది ఆగస్టులో దానికి ‘యూనిఫైడ్ లెండింగ్ ఇంటర్‌ఫేస్’ అని బారసాల చేశారు. ముద్దుపేరు యూఎల్ఐ. టీకొట్టు దగ్గర ఫోను చూపించి పది రూపాయలు కట్టడానికి యూపీఐ ఎంత సాయం చేసిందో, అప్పు తెచ్చుకోవడానికి ఇది అంత సాయం చేస్తుందట. రైతు ఆధార్ ఇచ్చి సరేనంటే చాలు, రాష్ట్ర ప్రభుత్వ కంప్యూటర్లో ఉన్న భూమి రికార్డు తనంతట తానే బ్యాంకు తెర మీద వచ్చి వాలుతుంది. భూమి ఎవరిది, ఎంత, దాని మీద ఇదివరకే అప్పుందా, అన్నీ రెప్పపాటులో తేలిపోతాయి.

ఈ శుభవార్త ఏలూరు పక్కనున్న మన పెదపాడు మండలం దాకా వచ్చేసరికి నాట్లయిపోయాయి. అది వేరే సంగతి.

పాతరోజుల్లో భూమి మీద అప్పు కావాలంటే రైతు ముందు తన భూమి తనదేనని నలుగురి చేతా ఒప్పించాలి. వీఆర్వోగారు ఒప్పుకోవాలి. 1బి, అడంగల్ కాగితాల మీద తహసీల్దారు ఆఫీసు ముద్ర పడాలి. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ తీయించాలి. తాతగారి నాటి భాగపంపకాల దస్తావేజు దగ్గర్నుంచి లింకు డాక్యుమెంట్లన్నీ తీసుకెళ్లి బ్యాంకు ప్యానెల్ లాయరుగారి బల్ల మీద పెడితే, ఆయన ‘నా అభిప్రాయంలో’ అని మొదలుపెట్టి ఏ అభిప్రాయానికీ చిక్కకుండా నాలుగు పేజీలు రాసిస్తారు. ఆపైన చుట్టుపక్కల బ్యాంకులన్నీ తిరిగి ‘ఈయన మాకేమీ బాకీ లేడు’ అని రాయించుకురావాలి. అప్పు ఇవ్వని వాళ్లందరి చేతా ఇవ్వలేదని సంతకం పెట్టించుకోవడమన్న మాట. ఏలూరులో జిరాక్సు మిషన్లు, దస్తావేజు లేఖర్లు, కాఫీ హోటళ్లు ఈ ధర్మం మీదే బతికాయి. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చిందంటారు గానీ, అంతకు చాలా ముందు నుంచే ఇదొకటి నడుస్తోంది.

ఆ పుణ్యకాలం పోయింది. 1998 నవంబరులో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లోకి ‘కార్డ్’ పేరుతో కంప్యూటర్లు దిగాయి. తర్వాత వెబ్‌ల్యాండ్ వచ్చింది. 2015లో మీభూమి వచ్చింది. ఇప్పుడు పాస్‌బుక్కు తీసుకెళ్లి బ్యాంకు బీరువాలో పడెయ్యక్కర్లేదు, బ్యాంకువాళ్లే వెబ్‌ల్యాండ్‌లో ఆ సర్వే నంబరు మీద చార్జ్ వేసేస్తారు. ఒకే పొలం చూపించి మూడు బ్యాంకుల్లో అప్పు తెచ్చే ప్రాచీన కళ దీంతో అంతరించిపోతోంది. ఇది నిజంగానే మంచిపని, ఈ వాక్యంలో వ్యంగ్యం లేదు.

మధ్యలో 2017లో స్వీడన్ నుంచి క్రోమావే అనే కంపెనీ కూడా దిగింది, మన రాష్ట్రం భూమి రికార్డుల్ని బ్లాక్‌చెయిన్‌లో పెడతామంటూ. బ్లాక్‌చెయిన్ గొప్పదనమేమిటంటే ఒకసారి రాసింది ఎవడూ చెరపలేడు. తప్పు రాసినా సరే, చెరపలేడు. మన రెవెన్యూ శాఖ ఏ స్వీడనూ నేర్పకుండానే ఎన్నాళ్లుగానో ఇది సాధిస్తోందని పాపం వాళ్లకు ఎవరూ చెప్పినట్టు లేదు.

సరే, వేగం ఎలా ఉందో చూద్దాం. బ్యాంకు ఏదైనా అనుకోండి, మేనేజరుగారు ఎవరైనా అనుకోండి. ఎనిమిదెకరాలు కౌలుకు చేసే రైతు సార్వా పంటకు అప్పడగడానికి వచ్చాడు.

‘‘సర్వే నంబరు చెప్పండి,’’ అన్నారు మేనేజరుగారు. చెప్పాడు. మీట నొక్కారు. తెర వెలిగింది.

‘‘మీ పేరు లేదు కదండీ.’’

‘‘నా పేరెందుకుంటదండీ? కౌలుకి చేస్తన్నానండి. పదకొండేళ్ల నుంచీ నేనే దున్నుతున్నానండి.’’

‘‘ఈ నంబరు మీద ఇప్పటికే పంటరుణం ఉంది. ఆసామిగారి పేరు మీద.’’

‘‘ఆరు హైదరాబాదులో ఉంటారండీ. పంటేంటండీ ఆరికి? సంక్రాంతికి వచ్చి పందేలు చూసుకుని వెళ్తారండి.’’

‘‘అదంతా సిస్టమ్‌లో ఉండదండీ. ఒక పొలానికి ఒక పంటరుణమే.’’

మొత్తం అరనిమిషం. డిజిటల్ రికార్డు రాకముందు ఇదే ‘లేదు’ అనిపించుకోవడానికి ఈ రైతు పెదపాడుకీ ఏలూరుకీ మధ్య బస్సుల్లో నెల తిరిగేవాడు. చార్జీలు మిగిలాయి. రిజర్వు బ్యాంకువాళ్లు ఖర్చు తగ్గుతుందన్నారంటే ఊరికే అన్నారా?

ఇక ఆసామిగారి సంగతి. తెర మీద పేరు ఆయనది కాబట్టి వేగమంతా ఆయనదే. పంటరుణానికి 7 శాతం వడ్డీ, 3 లక్షల దాకా గడువులోగా కట్టేస్తే 3 శాతం కేంద్రమే భరిస్తుంది, అంటే ఆయన మీద పడేది 4 శాతం. ఆయన మడిలో దిగి ఎన్నేళ్లయిందో ఆయనకే గుర్తులేదు. అయినా రికార్డు ప్రకారం ఆయనే రైతు, ఆయనకే రుణం, విపత్తొస్తే చాలాసార్లు ఆయన పేరు మీదే పరిహారం. ఆ 4 శాతం డబ్బు తిన్నగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోకి వెళ్లి అంతకన్నా ఎక్కువ సంపాదిస్తుంది. కొందరు మరీ ఉదారులు. అదే డబ్బు తమ పొలం చేసే కౌలు రైతుకే నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇస్తారు. ఏడాదికి 24. పొలానికి రావలసిన పంటరుణం చివరికి పొలానికే చేరింది కదా, కాదనడానికి వీల్లేదు. కాస్త చుట్టూ తిరిగొచ్చింది, అంతే.

ప్రభుత్వం కౌలు రైతును మర్చిపోయిందని ఎవరైనా అంటే కళ్లు పోతాయి. 2011లోనే చట్టం చేసి రుణ అర్హత కార్డులు ఇచ్చారు. దానికి ఆసామి సంతకం అక్కర్లేదు, అందుకని బ్యాంకులు దాన్ని చూసి నవ్వి పంపేశాయి. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చారు. దీనికి ఆసామి సంతకం కావాలి. కార్డు 11 నెలలు పనికొస్తుంది. బ్యాంకులు ఇప్పుడు నవ్వడం మానేశాయి, ఎందుకంటే కార్డు పట్టుకుని వచ్చేవాళ్లే తక్కువ. ఆసామిని సంతకం అడిగి చూడండి. ‘‘కాగితం మీద నీ పేరు ఎక్కితే రేపు పొలం నీదంటావు,’’ అంటాడు. ‘‘పైగా లోను నేను తీసుకున్నాను,’’ అని మెల్లిగా కలుపుతాడు. ఇంకో మాట అంటే వచ్చే ఏడు కౌలు ఇంకొకడికి. మక్తా ఎన్ని బస్తాలో నోటిమాట మీద తేల్చుకునే ఇద్దరికీ మధ్య సర్కారు కాగితం వచ్చి నిలబడితే ఎవరికి చెమటలు పడతాయో వేరే చెప్పాలా? ఉపగ్రహం పైనుంచి చూసి ఈ మడిలో వరి ఉందో, చేప ఉందో చెప్పగలదు. వరి నాటించింది ఎవరో మాత్రం దానికి కనపడదు.

పోనీ, ఆసామికైనా తెర మీద బతుకు పూలపాన్పా? అదీ లేదు. ఆ తెర మీదికి ఎక్కిన సరుకు పాతదే. బ్రిటిషు వాళ్ల సెటిల్‌మెంట్ రిజిస్టర్లో పట్టాదారు ఎవరో తెలియని చోట గుమస్తా ఒక వరస చుక్కలు పెట్టి వెళ్లిపోయాడు. పేరు తెలియలేదు, చుక్క పెట్టాను, తర్వాత ఎవరైనా చూసుకుంటారు అనుకుని ఉంటాడు. ఎవరూ చూసుకోలేదు. అవి చుక్కల భూములయ్యాయి, కంప్యూటర్ల కాలంలో 22ఏ నిషిద్ధ జాబితాలోకి ఎక్కాయి. మూడు తరాలుగా దున్నుకుంటున్నవాడు అమ్మబోతే, తాకట్టు పెట్టబోతే, ఎర్రగీత. ఆ చుక్కల్ని చెరపడానికి 2017లో శాసనసభ ప్రత్యేకంగా ఒక చట్టమే చేయాల్సి వచ్చింది. ఒక గుమస్తా బద్ధకం ఇంత ఘనంగా చట్టానికి ఎక్కడం మరెక్కడైనా జరిగిందేమో నాకు తెలియదు.

రీసర్వే ఇంకో ముచ్చట. 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట మండలం తక్కెళ్లపాడులో మొదలుపెట్టారు. డ్రోన్లు ఎగిరాయి, రోవర్లు తిరిగాయి, సెంటీమీటర్ల లెక్కన కొలిచారు. సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. హద్దురాళ్ల మీద పథకం పేరు, పాస్‌బుక్కు మీద అప్పటి ముఖ్యమంత్రి బొమ్మ. తాత సంపాదించిన పొలం పుస్తకం మీద తాత బొమ్మ ఎందుకు లేదని ఎవరో అడిగితే సమాధానం రాలేదు. ప్రభుత్వం మారింది, బొమ్మ పోయింది, రాజముద్ర వచ్చింది, క్యూఆర్ కోడ్ వచ్చింది. కొలతల్లో పోయిన సెంట్లు మాత్రం ఇంకా రాలేదని అర్జీలు పడుతూనే ఉన్నాయి. అన్నిటికన్నా ఆనందం జాయింట్ ఎల్‌పీఎంలది. అన్నదమ్ములు ముగ్గురు గట్టు వేసుకుని, మాటలు మానుకుని, పెళ్లిళ్లకు కూడా వెళ్లకుండా హాయిగా విడిపోయి ఉంటారు. రీసర్వే వాళ్లు ముగ్గుర్నీ కలిపి ఒకే నంబరు ఇచ్చారు. ఇప్పుడు ఒకడికి అప్పు కావాలన్నా మిగతా ఇద్దరూ రావాలి. పెద్దలు కలపలేని కుటుంబాల్ని డ్రోను కలిపింది.

కొల్లేరు వైపు వెళ్తే లెక్క ఇంకా తేట. 1999లో ఐదో కాంటూరు దాకా, 308 చదరపు కిలోమీటర్లు పక్షుల అభయారణ్యమని నోటిఫై చేశారు. ఆ గీత పడిన మండలాల్లో పెదపాడూ ఉంది. గీత లోపల జిరాయితీ భూములూ ఉన్నాయి, డి ఫారం పట్టాలూ ఉన్నాయి. చేపల చెరువులు ఉండకూడదు. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరుతో గట్లు తెగ్గొట్టారు, ఆ తర్వాత చాలాచోట్ల గట్లు మళ్లీ లేచాయి. అంటే పట్టా రైతు పేరు మీద, నోటిఫికేషన్ పక్షుల పేరు మీద, నీళ్లు చేపల అధీనంలో. ముగ్గురిలో ఎవరి ఆధార్ తీసుకోవాలో యూఎల్ఐకి ఎవరైనా నేర్పాలి.

అసలు రహస్యం ఒకటి చెప్పి ముందుకు వెళ్తాను. బ్యాంకు తెర మీద అరనిమిషంలో ధ్రువపడేది హక్కు కాదు. మన 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం సబ్ రిజిస్ట్రారుగారు దస్తావేజును నమోదు చేస్తారు, ఆ భూమి అమ్మేవాడిదో కాదో ఆయనకు సంబంధం లేదు. రెవెన్యూ రికార్డులో పేరుంటే శిస్తు ఎవరు కట్టాలో తెలుస్తుంది, అంతకుమించి యాజమాన్యానికి రుజువు కాదని సుప్రీంకోర్టు చెప్పిచెప్పి అలిసిపోయింది. ఆస్ట్రేలియాలో రాబర్ట్ టోరెన్స్ 1858లోనే ‘మా పుస్తకంలో ఉంటే నీదే, పూచీ మాది’ అనే పద్ధతి పెట్టాడు. మనమూ పెడదామని ల్యాండ్ టైట్లింగ్ చట్టం చేసి, 2023 అక్టోబరు 31 నుంచి అమల్లోకి తెచ్చారు. పూచీ సంగతి ఎవరికీ వినపడలేదు. సివిల్ కోర్టుకు వెళ్లే దారి మూసేశారన్న సంగతి మాత్రం లాయర్లకు బాగా వినపడింది, పొలం పోతుందన్న సంగతి ఓటర్లకు ఇంకా బాగా వినపడింది. 2024 జులైలో శాసనసభ దాన్ని రద్దు చేసింది. తొమ్మిది నెలలు కూడా నిండలేదు. కాబట్టి ఇప్పుడు మన దగ్గర ఉన్నది పూచీ లేని పుస్తకం, దాన్ని రెప్పపాటులో చూపించే తెర.

ఆ సంగతి బ్యాంకులకూ తెలుసు. అందుకే తెర మీద అంతా కనిపిస్తున్నా, ‘‘ఒకసారి మీసేవలో 1బి తీయించి, ఒక జిరాక్సు కూడా పెట్టండి,’’ అంటాయి.

మన మండలంలో ఆధార్ అడగకుండా, మీట నొక్కకుండా అప్పిచ్చే వేదిక ఒకటి ముందునుంచే ఉంది. దానికి రిజర్వు బ్యాంకు గవర్నరుగారు పేరు పెట్టలేదు. ధాన్యం కమీషన్ వ్యాపారి అంటారు. ఆయన దగ్గర భూమి రికార్డు లేదు. సాయంత్రం మోటారు సైకిలు మీద కాలవగట్టు వెంట వెళ్తూ ఏ చేలో ఎవరు దిగారో చూసుకుంటాడు. విత్తనాలకీ ఎరువులకీ పురుగుమందుకీ ఆయన దగ్గరే ఖాతా. పంట ఆయన కాటా మీదే తూగాలి, బస్తాకు ఎంతన్నది ఆయన నోట రావాలి, వడ్డీ నూటికి రెండు. బ్యాంకు నుంచి బయటికొచ్చిన మన ఎనిమిదెకరాల రైతు తిన్నగా ఆయన కొట్టుకే వెళ్లాడు.

‘‘ఏరా, ఈ ఏడు కూడా ఆసామి నీకే ఇచ్చాడా?’’

‘‘ఇచ్చారండి.’’

‘‘ఎంత కావాలి?’’