కామా లేని చదువులు

మా రోజుల్లో ఇంగ్లీషు ఆరో తరగతిలో మొదలయ్యేది. నాలుగు గీతల పుస్తకంలో ఏబీసీడీలు దిద్దినవాళ్లం. అయినా తొమ్మిదికొచ్చేసరికి డైరెక్ట్ స్పీచ్‌లో కామా తప్పేవాళ్లం కాదు. తప్పితే ఆ వాక్యం ఇరవైసార్లు రాయాల్సిందే.

"ఒరేయ్, మనం మాట చివర 'అని' పెడతాం. ఇంగ్లీషువాడికి ఆ పని చేసేది కామా, కొటేషన్లు" అనేవారు మా మాస్టారు. ఇన్‌డైరెక్ట్‌లో 'దట్' వచ్చి 'అని'లా కూర్చుంటుంది, అందుకే అక్కడ కామా ఉండదు. రెన్ అండ్ మార్టిన్ అట్టలూడేదాకా చదివాను గానీ, ఇంత తేలిగ్గా నాకు ఇంకెవరూ చెప్పలేదు.

బోర్డు మీద ఒక వాక్యం రాసేవారు: ద టెనెంట్ సెడ్ ద ఓనర్ ఈజ్ ఎ లయర్. అద్దెకున్నాయన ఓనర్ని అబద్ధాలకోరు అన్నాడని అర్థం. టెనెంట్ తర్వాత ఒకటి, ఓనర్ తర్వాత ఒకటి కామా పెట్టి, కొటేషన్లు తగిలించేవారు: "ద టెనెంట్," సెడ్ ద ఓనర్, "ఈజ్ ఎ లయర్." అంతే, తిట్టు తిరగబడేది. సెడ్ తర్వాత మాట వస్తే ముందు కామా, ఆపైన కొటేషన్, లోపల పెద్ద అక్షరం. మాటే ముందొస్తే కామా కొటేషన్ మూయకముందే పడాలి. అది ప్రశ్నయితే ప్రశ్నార్థకం చాలు, కామా వద్దు. ఇవన్నీ మాకు ఎక్కాల్లా నోటికొచ్చేవి.

ఇప్పుడు మా మనవడు ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియమే. గడగడా మాట్లాడతాడు. మొన్న వాడు రాసిన కథ చూశాను. నక్క మాటా కాకి మాటా కలగలిసిపోయాయి. ఒక్క కామా లేదు. పైన ఎర్ర టిక్కు, పదికి తొమ్మిది!

"అర్థమైతే చాలు కదా తాతయ్యా" అన్నాడు.

అర్థమైతే కదా! ఎవరి మాట వాళ్లకి అప్పజెప్పడం రాతలో మర్యాద. అది తప్పితే ఒకరి తిట్టు ఇంకొకరి నెత్తిన పడుతుంది. పరీక్షలన్నీ బిట్లయిపోయాక, పిల్లవాడు రాసిన వాక్యాన్ని చివరిదాకా చదివే ఓపిక ఎవరికుంది?

కూర్చోబెట్టి మాస్టారి వాక్యమే రాయించాను. రెండు కామాలూ, కొటేషన్లూ పెట్టి కాసేపు దానికేసి చూశాడు.

"తాతయ్యా, అబద్ధాలకోరు మారిపోయాడు!"

పట్టింది పది నిమిషాలు. ఎనిమిదేళ్ల బడిలో ఆ పది నిమిషాలు దొరకలేదా?