పంపు మానేసి డబ్బాలు పట్టండి: ఆయాసపడే పెద్దలకు చిట్కాలు

ఉబ్బసానికి రోజూ పంపు పీల్చడం ఎంత చాకిరీ! పీల్చాక నోరు పుక్కిలించాలి, లేకపోతే తెల్లటి పూత వస్తుందట. మేనల్లుడు అమ్మే సప్లిమెంట్ల డబ్బాలతో ఆ బాధ లేదు. మూత తియ్యండి, మింగండి, పడుకోండి.

1. పంపును బీరువా పైఅరలో దాచండి. "అలవాటైపోతుందట" అనండి. ఎవరన్నారని ఎవరూ అడగరు. ఊపిరిగొట్టాల వాపు తగ్గించేది అదేనని డాక్టరు అంటే, వాపు కనపడట్లేదుగా అనండి.

2. విటమిన్ డి 60,000 యూనిట్ల సాచెట్ వారానికొకటి రాస్తారు. వారాలు లెక్కపెట్టే ఓపిక ఎవరికుంది? రోజూ వేసుకోండి, కోర్సు త్వరగా అయిపోతుంది. ఒంట్లో పేరుకుపోయే విటమిను, ఒక్క పైసా వృథా కాదు. రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, మలబద్ధకం, కిడ్నీలో రాళ్లు మొదలైతే మందు పట్టిందన్నమాట. విటమిన్ డి వల్ల ఉబ్బసం ఉధృతి తగ్గవచ్చని 2016లో కోక్రేన్ సంస్థ వైద్య సమీక్ష చెప్పింది. అది చదివి ఆపేయండి. 2023లో వాళ్లే మళ్లీ చూసి లాభం కనపడలేదన్నారు. అంతదాకా చదివితే కళ్లు నొప్పి.

3. డబ్బా మీద "ఔషధ వినియోగానికి కాదు" అని ఇంగ్లీషులో ఉంటుంది. ధర స్టిక్కరు సరిగ్గా అక్కడే అంటించండి.

4. రాయల్ జెల్లీ తప్పక కొనండి. ఉబ్బసం ఉన్నవాళ్లకు అది పడక ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. చుట్టాలందరినీ ఒకచోట చూడాలని మీకూ ఉంటుందిగా.

5. డాక్టరు "ఇంకేం వాడుతున్నారు?" అంటే "మామూలువేనండీ" అనండి. రక్తం పలచబరిచే మాత్ర మీద చేపనూనె వేసుకుంటున్న సంగతి ఆయనకెందుకు? గ్లకోమాకు వేసే టిమోలాల్ చుక్కల మాటా ఎత్తకండి. కంట్లో వేసినవే అయినా ఆయాసం రేపుతాయని మార్చేస్తాడు. మళ్లీ మందుల షాపుకి ఎవరు నడుస్తారు?

6. ఎవరైనా నిలదీస్తే మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో ఉబ్బసానికిచ్చే చేప ప్రసాదం మింగి రండి. వరసగా మూడేళ్లు మింగాలంటారు. అంటే "ఇంకా కోర్సు పూర్తి కాలేదు" అనడానికి మూడేళ్ల గడువు. ఇంత మంచి సాకు ఏ ఫార్మసీలోనూ దొరకదు.

7. రాత్రి పిల్లికూతలు వినిపిస్తే టీవీ సౌండు పెంచండి.

8. మాట పూర్తిచేసే ఊపిరి కూడా అందట్లేదా? 108కి చేయకండి, సైరన్ మోగితే వీధంతా లేస్తుంది. మేనల్లుడికి మిస్డ్ కాల్ ఇవ్వండి. రెండు డబ్బాలు కొంటే మూడోది ఫ్రీ అట.