ఇంటర్వ్యూ ఎప్పుడండీ?

మా మేనల్లుడు బ్యాంకు గుమాస్తా పరీక్ష మెయిన్స్ రాసొచ్చినప్పటి నుంచీ అమలాపురంలో నేను ప్రశాంతంగా టీ తాగింది లేదు. గడియారస్తంభం దగ్గర ఎవరు ఎదురైనా ఒకటే మాట: “ఇంటర్వ్యూ ఎప్పుడండీ?” లేదండీ అంటే, “ఆయ్! పిలుపు రాలేదా పాపం” అని జాలి.

రాకపోవడం కాదు మహాప్రభో, అసలు లేనే లేదు. చిన్న ఉద్యోగాలకి ఇంటర్వ్యూలు దేనికని 2015 ఆగస్టు 15న ఎర్రకోట మీంచి ప్రధాని అన్నారు. 2016 నుంచీ ప్రభుత్వ బ్యాంకుల్లో గుమాస్తా కొలువుకి ప్రిలిమ్స్, మెయిన్స్, అంతే సంగతులు. ఢిల్లీ కబురు మాకు ఇంకా చేరినట్టు లేదు. పాతికేళ్ళ కిందట మంజూరైన కోటిపల్లి–నరసాపురం రైలు వస్తే అందులో వస్తుందేమో. పైగా ఆఫీసరు పోస్టుకి మాత్రం ఇంటర్వ్యూ ఉంచారు. దాంతో “ఎదురింటి కుర్రాడికి వచ్చిందిగా, మీవాడికి రాలేదేం?” అని రెండో పోటు.

ఇక సాయం చేసేవాళ్ళు. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం చేసే ఒకాయన, పైవాళ్ళకి ఓ మాట వేయిస్తానన్నాడు, ఓ బస్తా బొండాలు కూడా పంపిద్దామన్నాడు. మార్కులు వేసేది కంప్యూటరండీ, అది బొండాలు తాగదు అంటే, “తాగనివాళ్ళు ఎవరుంటారండీ?” అని నవ్వాడు. నమ్మలేదు.

అసలు వీడు చదివిందేమిటో చూద్దామని పుస్తకం తెరిచాను. ఎనిమిది మంది గుండ్రటి బల్ల చుట్టూ కూర్చున్నారు. కొందరు లోపలికి చూస్తున్నారు, కొందరు బయటికి. ఎ అనేవాడు బికి ఎడమపక్క మూడోవాడు. డికి ఎఫ్ ఎదురుగా లేడు. జి ఎక్కడున్నాడు?

ఇందులో పజిలేముందండీ? కోనసీమలో ఎనిమిది మంది గుండ్రంగా కూర్చున్నారంటే అది పేకాట. లోపలికి చూసేవాళ్ళు ఆడేవాళ్ళు. బయటికి చూసేవాళ్ళు పోలీసుల కోసం చూసేవాళ్ళు. డికి ఎఫ్ ఎదురుగా ఎందుకు లేడంటే, ఎఫ్ వాడి బావమరిది. ఎదురుపడితే పాత బాకీ అడుగుతాడు. ఎడమపక్క మూడోవాడు ముక్కలు తొంగి చూసే రకం కనక దూరంగా కూర్చోబెట్టారు. జి సంగతంటారా, వాడు సిగరెట్లకి వెళ్ళాడు. అదే పెళ్ళిభోజనాలైతే ఎవరూ గుండ్రంగా కూర్చోరు, వరసగా బంతి. మొదటి ఆకు అల్లుడిది, రెండోది వియ్యంకుడిది. ఆ పైన ఎవరి పక్కన ఎవరు కూర్చోకూడదో పొలం గట్టు తగాదాలు తెలిసినవాడే చెప్పాలి. మా అత్తయ్య ఒక్క చూపుతో రెండొందల మందిని సర్దేసేది. ఆవిడ గనక ఈ పరీక్ష రాసుంటే ఈపాటికి రిజర్వు బ్యాంకులో ఉండేది. ఇదంతా మావాడికి విడమరిచి చెప్పాను. “మావయ్యా, ప్రిలిమ్స్‌లో గంటకి వంద ప్రశ్నలు. తప్పు రాస్తే పావు మార్కు కోత. బావమరిది గురించి ఆలోచించే టైముండదు” అన్నాడు.

సరే. ఇంత బుర్ర పెట్టి నెగ్గినవాడు రేపు క్యాష్ కౌంటర్లో కూర్చుంటే, ఎదురుగా అరవై మంది అడ్డదిడ్డంగా నిలబడతారు. అందరూ లోపలికే చూస్తారు.

ఇంటర్వ్యూలు పూర్తిగా పోయాయనీ అనలేం, ప్రైవేటు బ్యాంకుల్లో ఉన్నాయి. రాజోలు వైపు మాకు తెలిసిన అమ్మాయి ఒక బ్యాంకులో టెల్లర్ పోస్టుకి వెళ్ళింది. దొంగనోటు ఎలా పడతావని అడగలేదట. “మీ చుట్టాలు కువైట్‌లో ఎంతమంది? డిపాజిట్లు తేగలవా?” అన్నారట. బీకాం ఫస్టు క్లాసు ఉంది గానీ, కువైట్‌లో మేనత్త లేకపోయింది.

అందరికన్నా ఎక్కువ విసిగించింది కొత్తపేటలో వరసకి మావయ్య అయ్యే ఒకాయన. రోజూ ఫోను. తలుపు తట్టి వెళ్ళాలి, కూర్చోమనేదాకా కూర్చోకూడదు, కళ్ళలోకి చూసి జవాబు చెప్పాలి. మొన్న ఇక పట్టలేక, “ఇంటర్వ్యూ లేదు మావయ్యా!” అని అరిచేశాను.

కాసేపు ఊరుకుని చెప్పాడు. కుర్రతనంలో ఆయనా బ్యాంకు పరీక్ష పాసై హైదరాబాదు దాకా ఇంటర్వ్యూకి వెళ్ళాడట. నాన్నగారేం చేస్తారని అడిగారట. కొబ్బరి దింపులు తీస్తారండీ అన్నాడట. బల్ల అవతల ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారట. ఉద్యోగం రాలేదు. లెక్కల్లో తగ్గిందో, ఇంగ్లీషులో తడబడ్డాడో, చెట్టెక్కే నాన్నే అడ్డొచ్చాడో, నలభై ఏళ్ళయినా తెలీదు. తెలీదు కాబట్టే ఊళ్ళో పిల్లలందరికీ అన్నిటికీ కలిపి పాఠం చెబుతున్నాడు.

“ఇప్పుడు మార్కులు చెబుతారట్రా?”

“చెబుతారు మావయ్యా, పాయింటు తర్వాత అంకెలతో సహా.”

“నాన్న సంగతి?”

“అడగరు.”

“ఆయ్,” అన్నాడు. “అయినా ఓ తెల్లచొక్కా కుట్టించి ఉంచండి. గవర్నమెంటు మాట కదా, మళ్ళీ పెట్టినా పెడతారు.”