బోర్డు పీకేస్తే దొంగ రాడట!

మా అపార్టుమెంటు గ్రూపులో మొన్న ఆదివారం పడ్డ హుకుం మీ గ్రూపులోకీ వచ్చే ఉంటుంది. వైఫై పేరు కనబడకుండా దాచేయండి, ఇక ఎవడూ దొంగతనంగా వాడుకోలేడు! చీకటి పడేసరికి అన్ని అంతస్తుల్లోనూ పేర్లు మాయం. సెక్రటరీగారు నాలుగు దండం బొమ్మలు పెట్టారు.

అయ్యా, మీ రౌటరు పేరు చాటడం మానిందే గాని మాట్లాడడం మానలేదు. మీ ఫోను దానితో కలిసిన ప్రతిసారీ ఆ పేరు గాల్లోకి పోతూనే ఉంటుంది. చెవి ఒగ్గినవాడు వింటాడు. అసలు తమాషా అది కూడా కాదు. రౌటరు మూగనోము పట్టింది గనుక వెతుక్కునే పని ఫోను నెత్తిన పడింది. "చామంతి 302, ఉన్నావా?" అని అడుగుతూ ఉంటుంది. ఇంట్లో అడిగితే సరే. అమీర్‌పేట మెట్రోలోనూ అడుగుతుంది, రైతుబజారులో మీరు వంకాయలు ఏరుతుంటే అడుగుతుంది, పెళ్ళిలో రెండో బంతి కోసం నిలబడ్డప్పుడూ అడుగుతుంది. గుమ్మం మీది పేరుపలక పీకేసి, ఊరంతా తిరుగుతూ ఇంటిపేరు కేకేసుకునేవాణ్ణి ఏమంటాం?

మా ఇంట్లోనూ దాచారు. ఆ రాత్రి మా టీవీకే మా ఇల్లు దొరకలేదు. రిమోటుతో ఒక్కో అక్షరం వెతికి నొక్కేసరికి అరగంట పట్టింది. దొంగకి అంత కష్టం లేదు.

ప్రతి పరికరానికీ ఉండే మ్యాక్ నంబరు చూసి ఫలానావాటినే రానిచ్చే చిట్కా ఇంకోటి. ఆ నంబరూ గాల్లో బాహాటంగా పోయేదే, కాపీ కొట్టడం చిటికెలో పని.

నవ్వు ఇక్కడితో సరి. నాకు ఒళ్ళు మండేది వేరే చోట. కనెక్షనిచ్చిన కుర్రాడు నా ఫోను నంబరే పాస్‌వర్డుగా పెట్టి పోయాడు. మా అంతస్తులో నాలుగిళ్ళకీ అదే వరస. 10 అంకెలు, మొదటిది 6 నుంచి 9 లోపే. ఫోనూ రౌటరూ పలకరించుకునే క్షణాన్ని ఒక్కసారి పట్టుకుంటే, ఆటలాడుకునే గ్రాఫిక్స్ కార్డుతో ఆ నంబర్లన్నీ ఒక పూటలో పరీక్షించేయొచ్చు. గేటు రిజిస్టరు చూసినవాడికి ఆ కార్డు కూడా అక్కర్లేదు. రౌటరు సెట్టింగుల తాళమేమో, పేరూ అడ్మినే, పాస్‌వర్డూ అడ్మినే. మార్చమంటే "ఏం కాదు సార్" అన్నాడు. తాళంచెవి గుమ్మానికే తగిలించి పెట్టె అంటగట్టేది కంపెనీవాళ్ళు, జాగ్రత్తలు వినాల్సింది మనమూనా?

ఏం కాదా? 2008 జులైలో అహ్మదాబాద్ పేలుళ్ళకు కాస్త ముందు వచ్చిన బెదిరింపు మెయిలు నవీ ముంబైలోని ఒక అమెరికన్ ఇంటి వైఫై మీదుగా వెళ్ళింది. దానికి రక్షణ లేదు. పోలీసులు వెళ్ళింది ఆయన ఇంటికే.

సెక్రటరీగారూ, ఆ మెసేజీ చెరిపేసి ఇది పెట్టండి. రౌటరు భద్రతా సెట్టింగులో డబ్ల్యూపీఏ3 పెట్టుకోండి, అది లేకపోతే డబ్ల్యూపీఏ2. పాస్‌వర్డు బదులు పిన్నుతో కలిపే డబ్ల్యూపీఎస్ ఆపేయండి, దాని 8 అంకెల పిన్ను 11,000 ప్రయత్నాల్లో దొరికిపోతుందని 2011లోనే తేలింది. రౌటరు అడ్మిన్ పాస్‌వర్డు మార్చండి. వైఫై పాస్‌వర్డుకి ఒకదానితో ఒకటి పొంతనలేని అయిదారు మాటలు కలపండి. పేరంటారా, కనబడనివ్వండి. ఈసారి దండం బొమ్మలు నేను పెడతాను.