5, 0: టీకా తాత్పర్య సహితం

మూలం: ఎ. జోన్స్ – 5, 0.

అవతారిక: మూలంలో లేనిది ఒక్క ముక్క కూడా రాయనని వ్యాఖ్యాత కొలచాల మల్లినాథసూరి పంతం పట్టాడు. మాదీ అదే పంతం. చిక్కల్లా, ఇక్కడ మూలాన్నే రద్దు చేశారు.

ప్రతిపదార్థం: ఎ. జోన్స్ = వేల్స్‌లో స్వాన్సీ దాపున పుట్టి, 1957 మొదలు 1983 దాకా గ్లామోర్గన్ కౌంటీనే అంటిపెట్టుకున్న అలన్ జోన్స్ అనే ఎడమచేతి ఓపెనర్; 5 = 1970 జూన్‌లో లార్డ్స్ మైదానాన ఇంగ్లండ్ తరఫున మొదటి ఇన్నింగ్స్‌లో చేసినవి; 0 = రెండో ఇన్నింగ్స్‌లో చేయనివి. 'రెండుమార్లూ మైక్ ప్రాక్టర్ చేతనే ఔటయ్యెను' అని అధ్యాహారం.

వ్యాఖ్య: ఆ వేసవిలో రావలసింది దక్షిణాఫ్రికా జట్టు. వర్ణవివక్ష మీద నిరసనలు ముదిరి ఆ పర్యటన ఆగిపోయింది. సీజన్ ఖాళీ పోకుండా సోబర్స్ నాయకత్వంలో ప్రపంచ జట్టును కూర్చారు. అందులో దక్షిణాఫ్రికా వాళ్లూ ఉన్నారు, ప్రాక్టర్ వారిలో ఒకడు. ఇక్కడి విరోధాభాసాన్ని రసజ్ఞులు గమనింతురు గాక. లార్డ్స్‌లో సోబర్స్ 21 పరుగులకు 6 వికెట్లు తీసి, తానే 183 కొట్టాడు. ఇంగ్లండ్ ఇన్నింగ్స్ తేడాతో ఓడింది. ఆడేటప్పుడు ఆ సిరీస్ మ్యాచ్‌లను టెస్టులన్నారు, ఆనక ఐసీసీ కాదు పొమ్మంది. ఆ సిరీస్‌లో ఇంగ్లండ్‌కి ఆడిన మిగతా అందరికీ వేరే టెస్టులున్నాయి. ఈయనకున్నది అదొక్కటే.

శంక: మరో అవకాశం ఏల ఇవ్వరైరి? సమాధానం: ఆనాడు ఆయనతో పాటే కొత్తగా దిగిన లక్‌హర్స్ట్ తరువాతి మ్యాచ్‌లో శతకం బాదాడు. వెనక బాయ్‌కాట్, ఎడ్రిచ్ ఉండనే ఉన్నారు. తలుపు మూసుకుంది.

విశేషం: 36,049 ఫస్ట్ క్లాస్ పరుగులు, 56 శతకాలు. అధికారిక టెస్టు ఆడనివాళ్లలో ఇన్ని పరుగులు మరెవరూ చేయలేదు. వెయ్యి దాటిన సీజన్లే 23. గ్లామోర్గన్ 1969లో ఓటమి లేకుండా ఛాంపియన్ అయింది, 1979లో ఒక్క మ్యాచ్ కూడా గెలవక పట్టికలో అట్టడుగున కూర్చుంది. రెండేళ్లూ ఈయన ప్యాడ్లు కట్టుకుని బరిలోకి దిగాడు. వికెట్ల వెనక తమ్ముడు ఐఫియన్. గ్లామోర్గన్ ఆడిన స్వాన్సీలోని సెయింట్ హెలెన్స్ మైదానంలో పెవిలియన్‌కి పెద్ద మెట్ల బారు ఉండేది. సున్నాకి ఔటైనవాడు కూడా అవన్నీ జనం చూస్తుండగా ఎక్కిపోవాల్సి వచ్చేది. అక్కడ దిగిన ప్రతి ఇన్నింగ్స్‌కీ ఆ శిక్ష సిద్ధమని తెలిసీ అన్ని సీజన్లు ఆడిన మనిషిని 5, 0తో తూచడం మాకు సమ్మతం కాదు.

తాత్పర్యం: ఆ మ్యాచ్‌కి టెస్టు హోదా పోయినా ఫస్ట్ క్లాస్ హోదా ఉంది. కాబట్టి ఆ 36,049లో లార్డ్స్‌లో చేసిన 5 కూడా ఉన్నాయి. 2020లో, ఆయనకు 81 ఏళ్ల వయసున, ఇంగ్లండ్ బోర్డు 696వ నంబరు టోపీ ఇచ్చి గౌరవించింది. ఆ మ్యాచ్ మాత్రం ఈనాటికీ టెస్టు కాదు.