టర్న్ ఓవర్ అయిందా, స్టార్ట్ అయిందా? ముందు అది తేల్చండి

కంచికచర్ల చుట్టుపక్కల ట్రాక్టరో టిప్పరో ఆయిల్ ఇంజనో ఉన్నవాళ్లందరికీ నా సలహా ఒకటే. పొద్దున్నే బండి మొరాయిస్తే బ్యాటరీ జోలికి వెళ్లకండి, తోయడానికి మనుషుల్ని పిలవకండి. ముందు మాట సరిచేసుకోండి. 'టర్న్ ఓవర్' అనే ఇంగ్లిష్ మాటను తప్పుగా వాడినన్నాళ్లూ ఏ మెకానిక్కూ మీ బండిని బాగుచేయలేడు.

టర్న్ ఓవర్ అంటే స్టార్ట్ కావడం కాదు. సెల్ఫ్ మోటారు ఫ్లైవీల్‌ని పట్టుకుని క్రాంక్ షాఫ్ట్‌ను తిప్పడం, అంతవరకే. ఆ తిరుగుడుకు సిలిండర్లో గాలి ఒత్తుకుని కాగాలి, ఆ వేడికి డీజిల్ అంటుకోవాలి. అప్పుడే స్టార్ట్ అయినట్టు. తాళం తిప్పితే టక్‌మని ఒక్క చప్పుడు చేసి ఊరుకుందా? 'టర్న్ ఓవర్ కావట్లేదు' అనండి. చాలాసార్లు బ్యాటరీ టెర్మినళ్లకు తెల్లటి పూత పట్టి ఉంటుంది, లేదా ఎర్త్ వైరు వదులై ఉంటుంది. గిరగిరా తిరుగుతున్నా సైలెన్సర్లో పొగ జాడే లేదా? 'టర్న్ ఓవర్ అవుతోంది, స్టార్ట్ కావట్లేదు' అనండి. అంటే డీజిల్ అందట్లేదు. పైపులో గాలి పట్టి ఉంటే, ఫిల్టర్ మీది స్క్రూ వదులుచేసి ప్రైమర్ కొట్టగానే నురగ వస్తుంది. నురగ పోయి డీజిల్ ధారగా వచ్చాక బిగించాలి.

చార్లెస్ కెట్టరింగ్ చేసిన సెల్ఫ్ స్టార్టర్ 1912లో కాడిలాక్ కార్లకు వచ్చింది. అంతకుముందు దాదాపు అన్నిటికీ హ్యాండిలే. ఆయిల్ ఇంజన్ హ్యాండిల్ తిప్పినవాళ్లకు ఈ తేడా చేతికే తెలుసు. డీకంప్రెషన్ లివర్ ఎత్తి తిప్పినంతసేపూ టర్న్ ఓవరే, లివర్ వదిలాక డబడబమని అందుకుంటేనే స్టార్ట్. బొటనవేలు మాత్రం మిగతా వేళ్ల పక్కనే ఉంచండి, ఇంజన్ ఎదురు తన్నితే విరుగుతుంది.

చిక్కులు వస్తాయి. క్రషర్ ఓనరుకు టర్నోవరంటే ఏడాది లెక్క. పరిటాల దగ్గర హైవే మీంచి ఫోన్ చేసి 'టర్న్ ఓవర్ అయింది' అంటే ఇంట్లోవాళ్లు లారీ పల్టీ కొట్టిందని గుండెలు బాదుకుంటారు. అయినా మాట మార్చకండి. మెకానిక్ 'సెల్ఫ్ తిరుగుతోందా అన్నా?' అంటే ఊఁ కొట్టకండి, 'టర్న్ ఓవర్ అవుతోందా అని అడుగు తమ్ముడూ' అని దిద్దండి. పక్క చేనాయన తాడు కట్టి లాగుతానని వస్తే, ఆయన నోట ఆ మాట సరిగ్గా పలికేదాకా తాడు కట్టనివ్వకండి. గంట ఆలస్యమైతే అవుతుంది. మిర్చికి మందు సాయంత్రం కొట్టుకోవచ్చు.

రేపు తాళం తిప్పేముందు ఆ రెండు వాక్యాలూ పైకి అనుకోండి. ఇంట్లో పిల్లలకూ నేర్పండి.