బ్రస్సెల్స్ నుంచి బోదె దాకా

తణుకు వాడికి కాస్కేడింగ్ గ్రాంటంటే ఏమిటో చెప్పడానికి పవర్‌పాయింటు అక్కర్లేదు. విజ్జేశ్వరం దగ్గర వదిలిన గోదావరి నీళ్లు పెద్ద కాలువలో పడి, లాకులు దాటి, పిల్లకాలువల్లోకి చీలి, ఆఖరికి బోదెలోంచి మన చేలోకి వస్తాయి. అంటే, వస్తే వస్తాయి.

యూరప్ వాళ్లు సొమ్ముని అలా పారిస్తున్నారు. బ్రస్సెల్స్‌లో వదిలింది యూనివర్సిటీలూ పెద్ద కంపెనీలూ కలిసిన ఓ కూటమికి చేరుతుంది. ఆ కూటమి అందులోంచి చిన్న కంపెనీలకి పంచుతుంది, మామూలుగా ఒక్కొక్కరికి 60,000 యూరోలు మించకుండా. సిక్స్‌జీ శాండ్‌బాక్స్ అనే ప్రాజెక్టయితే మలాగా, బెర్లిన్, ఏథెన్స్, ఔలు ఊళ్లలోని నెట్‌వర్కుల మీద ప్రయోగాలు కూడా చేసుకోనిచ్చింది. చిన్నవాడు బ్రస్సెల్స్ దాకా పోనక్కర్లేదు. లస్కరుని మంచి చేసుకుంటే చాలు, ఇంజనీరుగారితో పని లేదు.

మన దగ్గర వరస వేరు. పల్లెలకి ఫోన్లు చేర్చడానికని టెలికాం కంపెనీల ఆదాయంలో 5 శాతం వసూలు చేస్తారు. ఆ వసూళ్లలో 5 శాతం పరిశోధనకని తీసి, 2022 అక్టోబరు 1న టెలికాం టెక్నాలజీ డెవలప్‌మెంట్ ఫండ్ పెట్టారు. ఐదు శాతంలో ఐదు శాతమంటే నూటికి పావలా. అంతకుముందే 224 కోట్లతో ఐఐటీ మద్రాసు, ఐఐటీ హైదరాబాదు సహా ఎనిమిది సంస్థలు కట్టిన ఫైవ్‌జీ టెస్ట్‌బెడ్ ఆ ఏడాది మే 17న మొదలైంది. స్టార్టప్‌లకి కొన్నాళ్లు ఉచితంగానే ఇచ్చారు.

మా మేనల్లుడు కంపెనీ పెట్టింది ఈ పావలా మీద ఆశతోనే. రొయ్యల చెరువులో ఆక్సిజన్ కొలిచి కబురు పంపే పరికరం వాళ్లది. విజయవాడలో ఏరువాక టెక్నాలజీస్ వాళ్లు ఎప్పటినుంచో చేస్తున్నారు కదరా అంటే, "మాది ఫైవ్‌జీ మావయ్యా" అన్నాడు. దరఖాస్తులో 'తుది వినియోగదారు' అనే గడి ఖాళీగా ఉందట. ఆకివీడులో చెరువులున్న మా బాబాయి దగ్గరికి తీసుకెళ్లాను.

బాబాయికి నెట్‌వర్కు ఎప్పుడో ఉంది. గట్టు మీద పాకలో పడుకునే కాపలా కుర్రాడే ఆ నెట్‌వర్కు. రాత్రంతా ప్లాంక్టనూ రొయ్యలూ పోటీపడి ఆక్సిజన్ పీల్చేస్తాయి కనక తెల్లవారుజామే గండం. లీటరుకి 4 మిల్లీగ్రాముల కిందికి జారిందంటే రొయ్య మేత తగ్గిస్తుంది, ఇంకా జారితే గట్టు వారకొచ్చి తేలుతుంది. సరిగ్గా ఆ వేళకే కరెంటు పోతుంది. ఏరియేటర్ల హోరు ఆగిపోగానే కుర్రాడికి మెలకువొచ్చేస్తుంది. ఒక మిస్డ్ కాల్ ఇస్తే కరెంటు పోయిందని. రెండిస్తే డీజిలైపోయిందని. మూడిస్తే లేచి రమ్మని.

"లేటెన్సీ ఎంతుంటుంది తాతయ్యా?"

"అదేంట్రా?"

"కరెంటు పోయినప్పట్నుంచి నీకు తెలిసేదాకా ఎంతసేపని."

"వాడు బీడీ ముట్టించుకుంటే కాస్త ఎక్కువే."

"మా దాంట్లో మిల్లీసెకన్లే!"

"మిల్లీసెకన్లో తెలిసి నేనేం చేస్తానురా? పంచె కట్టుకోడానికే రెండు నిమిషాలు పడుతుంది."

మేనల్లుడు ఫోను పైకెత్తి గట్టు మీద నడిచాడు. షెడ్డు దగ్గర ఫైవ్‌జీ, మోటారు దగ్గర ఫోర్‌జీ, కొబ్బరిచెట్లు దాటాక ఏదీ లేదు. "టెస్టింగ్ ఇక్కడే పెట్టాలి!" అని గంతేశాడు. సిగ్నల్ లేదని సంబరపడే మనిషిని బాబాయి జన్మలో చూళ్లేదు.

నాకు మాత్రం వాడి సంబరం సబబుగానే తోచింది. ఫైవ్‌జీ ప్రమాణాలు రాసేటప్పుడు పల్లెటూళ్లో టవరుకీ టవరుకీ దూరం 1.7 కిలోమీటర్లని లెక్కేశారు. మనవాళ్లు, అందులో ఐఐటీ హైదరాబాదు వాళ్లూ ఉన్నారు, కాదు మొర్రో, మా పల్లెలకి 6 కిలోమీటర్ల లెక్కన కూడా పరీక్షించాలని పట్టుబట్టి అంతర్జాతీయ టెలికాం సంఘాన్ని ఒప్పించారు. అంత పట్టుబట్టి సాధించిన లెక్కని ఏసీ గదిలో పరీక్షిస్తే ఏం లాభం? చెన్నై ల్యాబులో ఉప్పుగాలి తగలదు, పీతలు కేబుల్ కొరకవు. శివారు భూములకి నీళ్లందాయో లేదో లాకుల దగ్గర నిలబడి ఎవరు చెప్పగలరు?

దరఖాస్తు మీద సంతకం పెట్టబోతూ బాబాయి కళ్లజోడు పైకి తోసుకున్నాడు. "ఇందులో డీజిలుకి ఎంత రాశావు?"

"డీజిలుకివ్వరు తాతయ్యా, పరిశోధనకే ఇస్తారు."

"అయితే డీజిల్నే పరిశోధన అని రాయి."

మేనల్లుడు కాసేపు గోళ్లు కొరికాడు. తర్వాత ల్యాప్‌టాప్ తెరిచి 'బ్యాకప్ పవర్ రెసిలియెన్స్ స్టడీ' అని కొట్టాడు.